తెర ఎక్కువ, ఊపిరి తక్కువ

2014 అక్టోబరులో యాపిల్ సంస్థ 27 అంగుళాల ఐమ్యాక్‌కి కొత్త తెర బిగించి బజారులోకి తెచ్చింది. అడ్డంగా 5,120 చుక్కలు, నిలువునా 2,880. హెచ్చవేస్తే 1,47,45,600 పిక్సెల్స్. అప్పటికి ఇళ్లలో ఉన్న మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో ఉండేవి 20 లక్షల 73 వేల చిల్లర. అంటే ఇది దానికి ఏడింతలు. ధర 2,499 డాలర్ల దగ్గర మొదలైంది. ఫొటోలు దిద్దేవాళ్లూ, వీడియో ఎడిటర్లూ, పత్రికల పేజీలు పెట్టేవాళ్లూ దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ముచ్చటపడాల్సిందే మరి. చిన్న సైజు తెలుగు అక్షరం కింద ఒత్తు కూడా చెదరకుండా, అచ్చులో ఉన్నంత నున్నగా కనిపించే తెర అది.

అంత సొమ్ము పోసి కొన్న యంత్రం కదా, దాని మీద గేములు ఎలా ఆడతాయి? అమ్మేవాణ్ణి అడిగితే ‘హైఎండ్ మోడల్ సార్, దేనికైనా పనికొస్తుంది’ అంటాడు. గేములాడే కుర్రాణ్ణి అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఇద్దరూ చెప్పేది నమ్మకమే గాని లెక్క కాదు. లెక్క వేయడం కష్టమేమీ కాదు, గుణకారాలూ భాగహారాలూ వస్తే చాలు.

సినిమాలో ప్రతి ఫ్రేమూ ఎవరో ముందే తయారుచేసి పెట్టి ఉంటారు. కంప్యూటర్ దాన్ని విప్పి చూపిస్తే సరిపోతుంది. గేమ్‌లో రాబోయే ఫ్రేమ్ ఇంకా ఎక్కడా లేదు. మీరు మౌస్ ఎటు తిప్పుతారో చూసి అప్పటికప్పుడు దాన్ని గీయాలి. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో తెర మీది ప్రతి చుక్కకీ రంగు తేలాలి. వెలుగు ఎటునుంచి వస్తోంది, నీడ ఎక్కడ పడుతోంది, ఆ గోడ తడిసి ఉందా ఎండి ఉందా అన్నీ కూడబెట్టి ఒక్క రంగు చెప్పాలి. గ్రాఫిక్స్ చిప్ చేసే పని ఇదే. కాబట్టి ‘ఈ చిప్ ఎంత బలమైనది’ అని అడిగి ఊరుకుంటే సగం ప్రశ్నే అడిగినట్టు. ఒక్కో చుక్క మీద ఎన్ని లెక్కలు వెచ్చించగలదు అన్నది మిగతా సగం.

2017లో వచ్చిన 27 అంగుళాల ఐమ్యాక్‌లో అన్నిటికంటే ఖరీదైన రకాన్ని తీసుకుందాం. అందులోని రేడియాన్ ప్రో 580 చిప్ సెకనుకి 5.5 టెరాఫ్లాప్స్, అంటే అయిదున్నర లక్షల కోట్ల లెక్కలు చేస్తుంది. 5,120 బై 2,880 చుక్కల తెరని, అంటే 5కే తెరని, సెకనుకి 60 సార్లు నింపాలంటే 88 కోట్ల 47 లక్షల చుక్కలు. భాగిస్తే చుక్కకి సుమారు 6,200 లెక్కలు.

ఇప్పుడు 2013లో 399 డాలర్లకి అమ్మిన ప్లేస్టేషన్ 4ని పక్కన పెట్టండి. దాని బలం 1.84 టెరాఫ్లాప్సే, ఐమ్యాక్ చిప్‌లో మూడో వంతు. కానీ అది నింపాల్సింది ఫుల్ హెచ్‌డీ తెర. సెకనుకి 60 ఫ్రేముల చొప్పున 12 కోట్ల 44 లక్షల చుక్కలు. ఒక్కోదానికి దాదాపు 14,800 లెక్కలు. నాలుగేళ్ల ముందు వచ్చిన చవక పెట్టెకి చుక్క ఒక్కంటికి రెండింతలకు పైగా తీరిక ఉందన్నమాట.

పోనీ ఐమ్యాక్ ప్రో చూద్దామా? 2017 డిసెంబరులో వచ్చింది, 4,999 డాలర్ల నుంచి. ఇంకా డబ్బు కడితే వేగా 64 చిప్ వేసిచ్చేవారు. యాపిల్ లెక్క ప్రకారం 11 టెరాఫ్లాప్స్. అదే 5కే తెర మీద చుక్కకి 12,400. అయిదు వేల డాలర్లు దాటించినా ప్లేస్టేషన్ 4 అంకెని అందుకోలేదు!

ఇది మోటు లెక్క, ఒప్పుకోవాలి. చిప్ ఎన్ని లెక్కలు చేయగలదన్నది ఒక్కటే సంగతి కాదు. మెమరీ నుంచి సరుకు ఎంత వేగంగా అందుతోంది, గేమ్ రాసినవాళ్లు ఎంత పొదుపుగా రాశారు అన్నవి కూడా ఫలితాన్ని మారుస్తాయి. ప్లేస్టేషన్ 4 గేములు చాలా వాటిని 60 కాక 30 ఫ్రేముల దగ్గరే ఆపి, చుక్కకి ఇంకా ఎక్కువ తీరిక ఇచ్చారు కూడా. అయినా మోటు లెక్క చూపించే దిక్కు సరైనదే. ఐమ్యాక్‌లా తెరా కంప్యూటరూ ఒకే ఒంట్లో ఉన్న ఆల్-ఇన్-వన్‌లో తెర ఎంత గొప్పదైతే వెనకున్న చిప్ నెత్తిన అంత బరువు. డబ్బు పెంచినకొద్దీ తెరా పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. 2021లో వచ్చిన 24 అంగుళాల ఐమ్యాక్‌కి కూడా ఇదే భాగహారం చేస్తే మరీ బక్కగా తేలుతుంది: ఎం1 చిప్ 2.6 టెరాఫ్లాప్స్, తెర 4,480 బై 2,520, చుక్కకి 3,800 చిల్లర.

తప్పించుకునే దారి లేకపోలేదు. 5కేలో సరిగ్గా సగం 2,560 బై 1,440. గేమ్‌ని ఆ కొలతలో గీయమంటే గీసిన ఒక్కో చుక్కా తెర మీద నాలుగు చుక్కల చతురస్రంగా కూర్చుంటుంది. భిన్నాల బెడద లేదు కాబట్టి మసక తక్కువ. 4కే తెర మీద ఇదే పని చేస్తే ఒకటికి ఒకటిన్నర చొప్పున పడి అంచులు కొంత అలుక్కుపోతాయి. ఐమ్యాక్‌కి ఈ విషయంలో గుణకారం కలిసొచ్చింది. అలా ఆడితే రేడియాన్ ప్రో 580కి చుక్కకి 24,900 లెక్కలు మిగులుతాయి, ఆ కాలపు గేములకు హాయిగా సరిపడేంత. ఇప్పుడైతే తక్కువ చుక్కల్లో గీసి మిగతావి ఊహించి పూరించే పద్ధతులూ వచ్చాయి. ఎన్‌విడియాకి డీఎల్ఎస్ఎస్, ఏఎండీకి ఎఫ్ఎస్ఆర్, యాపిల్‌కి మెటల్ఎఫ్ఎక్స్. ఇవి మంచి ఉపాయాలే, వాడుకోవాల్సినవే. కాకపోతే వాటి అర్థం ఏమిటో గమనించండి: మీరు ఏ తెర కోసం అంత డబ్బు పోశారో, గేమ్ ఆడేటప్పుడు ఆ తెరని నాలుగో వంతే వాడుతున్నారు.

మరి అంత గొప్ప తెర పెట్టినవాళ్లు దానికి తగ్గ చిప్ పెట్టొచ్చు కదా అంటారు. పెట్టలేరు. అడ్డు వచ్చేది వేడి.

చిప్ తినే విద్యుత్తు రెండింటి మీద ఆధారపడుతుంది. గడియారం ఎంత వేగంగా కొట్టుకుంటోంది అన్నది ఒకటి, వోల్టేజీ వర్గం రెండోది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. రెండూ కలిస్తే విద్యుత్తు ఇంచుమించు వేగానికి ఘనంగా పెరుగుతుంది. దీన్ని తిరగేసి చూస్తే తయారీదారుకి ఒక వరం కనబడుతుంది: వేగం కొంచెం తగ్గిస్తే వేడి బాగా తగ్గుతుంది. డెస్క్‌టాప్‌లో వాడే రేడియాన్ ఆర్ఎక్స్ 580కీ ఐమ్యాక్‌లోని ప్రో 580కీ లోపలున్న గణక విభాగాలు ఒకటే, 2,304. మొదటిది 1,340 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, రెండోది 1,200 దగ్గర ఆగుతుంది. వేగంలో పోయింది పది శాతం. ఘనపు లెక్కన వేడిలో తగ్గింది పాతిక శాతం పైమాటే. ఆల్-ఇన్-వన్‌లూ ల్యాప్‌టాప్‌లూ బతికేది ఈ బేరం మీదే.

బేరం ఎంత మంచిదైనా మిగిలిన వేడి తక్కువేమీ కాదు. ఆ చిప్ ముక్క వైశాల్యం 232 చదరపు మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరు కంటే పెద్దది. దాని మీద వంద వాట్లు పుడితే చదరపు సెంటీమీటరుకి 43 వాట్లు. మన ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లదనుకున్నా, దాని అడుగుభాగం రెండు వందల చదరపు సెంటీమీటర్లు కాబట్టి అక్కడ చదరపు సెంటీమీటరుకి అయిదే. ఇస్త్రీపెట్టెకి ఎనిమిది రెట్లు గాఢమైన వేడిని, తెరకీ అల్యూమినియం వీపుకీ మధ్య సందులోంచి, మీ చెవికి వినబడకుండా బయటికి తోలాలి.

తోలడానికి గాలి తప్ప వాహనం లేదు. కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కిస్తే అది మోసుకుపోయేది సుమారు వెయ్యి జౌళ్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్, మిగతావన్నీ కలిసి 300 వాట్లు పుట్టించాయనుకుందాం. గాలి లోపలికి వచ్చినదానికంటే 15 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే సెకనుకి 20 గ్రాములు, అంటే 17 లీటర్ల గాలి కదలాలి. టవర్ క్యాబినెట్‌లో ఇది పెద్ద పనేమీ కాదు. జానెడు వెడల్పు లేని ఫ్యాన్లయినా మూడు నాలుగు పెడితే తాపీగా తిరుగుతూ లాగేస్తాయి. 27 అంగుళాల ఐమ్యాక్‌లో ఉండేది ఒక్క బ్లోయర్. కింది అంచున ఉన్న చీలికల్లోంచి పీల్చి, స్టాండు వెనకున్న సందులోంచి వదులుతుంది. అంతే గాలి కావాలంటే అది గట్టిగా తిరగాలి. ఫ్యాన్ వేగం రెట్టింపయితే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. ఐమ్యాక్ ప్రోలో రెండు బ్లోయర్లు పెట్టి ఈ కష్టాన్ని చాలావరకు గట్టెక్కించారు. నా దృష్టిలో ఆల్-ఇన్-వన్ ఇంజనీరింగ్‌లో అంత శ్రద్ధగా చేసిన పని అరుదు. అయినా అక్కడ కూడా వేగా చిప్పుల్ని డెస్క్‌టాప్ వేగం కంటే తగ్గించే వాడారు.

ఆ తర్వాత యాపిల్ అటు వైపు మానేసి సన్నదనం వైపు తిరిగింది. 24 అంగుళాల ఐమ్యాక్ మందం 11.5 మిల్లీమీటర్లు. హెడ్‌ఫోన్ పిన్ను పొడవు 14 మిల్లీమీటర్లు. వెనకనుంచి గుచ్చితే తెర పొడుచుకుని బయటికి రావాలి, అందుకే రంధ్రాన్ని పక్క అంచున పెట్టారు! పవర్ సప్లయ్‌ని లోపల ఇరికించలేక అడాప్టర్‌గా బయటికి పంపేశారు. ఇంకోవైపు గేమర్లు కొనుక్కునే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు సంస్థ సొంత నమూనాలో 61 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు. కార్డు ఒక్కటే అయిదు ఐమ్యాక్‌లని బొత్తి పెట్టినంత. దాని ఆకలి 450 వాట్లు.

విండోస్ లోకంలోనూ ఇదే భౌతికశాస్త్రం. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన సర్ఫేస్ స్టూడియో కంప్యూటర్‌ని తెర వెనకనుంచి తీసి అడుగు పీటలో పెట్టింది. అయినా అందులో వాడింది ల్యాప్‌టాప్ చిప్పే, నింపాల్సిన చుక్కలు కోటీ 35 లక్షలు. ల్యాప్‌టాప్ చిప్‌కి డెస్క్‌టాప్ చిప్ పేరే తగిలించే అలవాటు కూడా ఒకటుంది, కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సింది అక్కడే. ఆర్‌టీఎక్స్ 4090 పేరుతో డెస్క్‌టాప్‌లో వచ్చేదానికి 16,384 గణక విభాగాలు, ల్యాప్‌టాప్‌లో వచ్చేదానికి 9,728. చిప్ వేరు, పేరు ఒకటి. లెనోవో ఒకసారి ఎదురీదింది. 2016 నాటి వై910 ఆల్-ఇన్-వన్‌లో మార్చుకోగలిగే డెస్క్‌టాప్ కార్డే పెట్టి, 144 హెర్ట్జ్ తెర ఇచ్చింది. దాని వీపు బండగా ఉబ్బి ఉండేది. గేములకి నిజంగా తగిన ఆల్-ఇన్-వన్ అలాగే ఉంటుంది, ఉండక తప్పదు. కానీ అందం కోసం ఆల్-ఇన్-వన్ కొనేవాడికి అది నచ్చదు, బలం కోసం కొనేవాడు టవరే కొనుక్కుంటాడు. అందుకే ఆ జాతి పెరగలేదు.

మన ఎండల సంగతి కూడా లెక్కలోకి రావాలి. చిప్పులు వంద డిగ్రీల దగ్గరికి వస్తే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే వేడి దిగడానికి 75 డిగ్రీల వాలు ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 40 దాటితే వాలు అరవైకి పడిపోతుంది. అదే ఫ్యాను, అదే వేగం, కానీ వదిలించుకోగలిగే వేడి అయిదో వంతు తగ్గిపోయింది. టవర్‌కి వెసులుబాటు ఉంటుంది, అంచు మీద నడిచే సన్నటి యంత్రానికి ఉండదు. దుమ్ము చేరితే ఇంకా తగ్గుతుంది. టవర్ పక్క పలక విప్పి బ్లోయర్ కొడితే పది నిమిషాల పని. 2012 తర్వాతి ఐమ్యాక్‌ల తెర జిగురు పట్టీలతో అతికించి ఉంటుంది. చుట్టూ సన్నటి చక్రంతో జిగురు కోసి, తెర ఎత్తి, తుడిచి, మళ్లీ కొత్త పట్టీలు వేయాలి. చేయి జారితే పగిలేది యంత్రంలోకెల్లా ఖరీదైన భాగం.

మూసేసిన పెట్టె కావడమే దోషమని మాత్రం అనుకోకండి. ప్లేస్టేషన్ 5 కూడా మూసేసిన పెట్టే, అందులోనూ చిప్ మార్చుకోలేం. కానీ దాని ఫ్యాన్ వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 45. ఒక్క ఆ ఫ్యానే నాలుగు ఐమ్యాక్‌ల మందం. టీవీ పక్కన భారీగా నిలబడితే నిలబడనీ అని సోనీ వదిలేసింది, ఎందుకంటే అది తెరని మోయనక్కర్లేదు. పైగా గేమ్ రాసేవాళ్లు సరిగ్గా ఆ చిప్‌ని దృష్టిలో పెట్టుకునే రాస్తారు.

ఐమ్యాక్‌కి ఆ అదృష్టమూ లేదు. మొదట్లో ఉండాల్సిందే. 1999 జులైలో హేలో గేమ్‌ని లోకానికి మొదట చూపించింది మ్యాక్‌వరల్డ్ సభలో, స్టీవ్ జాబ్స్ వేదిక మీద. మరుసటి ఏడాది ఆ గేమ్ చేస్తున్న బంజీ సంస్థని మైక్రోసాఫ్ట్ కొనేసింది, హేలో ఎక్స్‌బాక్స్‌కి పట్టపుటేనుగు అయింది. 2006లో ఐమ్యాక్‌లు ఇంటెల్ ప్రాసెసర్లకి మారాక బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకుని ఆడుకునే వీలు దొరికింది. చాలామందికి ‘ఐమ్యాక్ మీద గేములు’ అంటే అసలు అర్థం అదే. 2019లో మ్యాక్‌ఓఎస్ కెటలీనా వచ్చి 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఆపేయడంతో కొనుక్కున్న పాత మ్యాక్ గేములు ఎన్నో మూగబోయాయి. యాపిల్ సొంత చిప్పులు వచ్చాక బూట్ క్యాంపూ పోయింది. జీటీఏ 5, వాలరెంట్ మ్యాక్‌కి రానేలేదు. కౌంటర్-స్ట్రైక్ 2 వచ్చినప్పుడు దాన్ని చేసిన వాల్వ్ సంస్థ మ్యాక్‌ని వదిలేసింది. ఈమధ్య గాలి కాస్త మారింది: రెసిడెంట్ ఈవిల్ విలేజ్, బాల్డర్స్ గేట్ 3, 2025లో సైబర్‌పంక్ 2077 వచ్చాయి. పెద్ద గేములు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండటమే దాని పరిస్థితి చెబుతోంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆయుర్దాయాల తేడా. మంచి తెర పదేళ్లు పనిచేస్తుంది. 2014 నాటి 5కే తెర ఈనాటికీ చూడముచ్చటగానే ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్‌కి గేముల లోకంలో నాలుగైదేళ్లే యౌవనం. రెంటినీ ఒకే ఒంట్లో పెట్టి అతికిస్తే, చిన్న ఆయుష్షున్నది పెద్ద ఆయుష్షున్నదాన్ని తనతో తీసుకుపోతుంది. 2009 నుంచి 2011 దాకా వచ్చిన ఐమ్యాక్‌లలో గ్రాఫిక్స్ విడి పలక మీద ఉండేది. ఓపికున్నవాళ్లు మార్చుకునేవారు. ఆ తర్వాత సోల్డర్ చేసేశారు. అప్పట్లో ఐమ్యాక్ తెరని ఇంకో కంప్యూటర్‌కి మానిటర్‌గా వాడుకునే సదుపాయం కూడా ఉండేది. 5కేతో అదీ ఆగింది. కారణం లెక్కే: 5కేని 60 హెర్ట్జ్‌తో పంపాలంటే సెకనుకి 21.2 గిగాబిట్లు కావాలి, అప్పటి డిస్‌ప్లేపోర్ట్ 1.2 మోయగలిగేది 17.28. లోపల మాత్రం ప్రత్యేకంగా ఎక్కువ తీగలు వేసుకుని యాపిల్ గట్టెక్కింది. థండర్‌బోల్ట్‌తో బయట గ్రాఫిక్స్ పెట్టె తగిలించే వీలు 2018లో వచ్చినా, గీసిన బొమ్మ అదే తీగ మీద వెనక్కి లోపలి తెరకి రావాలి కాబట్టి లాభంలో కొంత దారిలోనే ఖర్చయ్యేది. యాపిల్ చిప్పులున్న మ్యాక్‌లకి అదీ లేదు.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ల బజారులో సిస్టమ్ అసెంబుల్ చేయించుకునే కుర్రాళ్లు ఈ సూత్రాలన్నీ చదివి ఉండకపోవచ్చు. కానీ వాళ్ల కొనుగోలు పద్ధతి సరిగ్గా దీన్నే పాటిస్తుంది. ఈ ఏడు మానిటర్, మూడేళ్లకి కార్డు, పాత కార్డు అమ్మేసి ఆ డబ్బు కొత్తదాంట్లో కలపడం. పోటీ గేములాడేవాడు తెర చుక్కల కంటే రిఫ్రెష్ రేటు చూస్తాడు. 60 హెర్ట్జ్ దగ్గర ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లయితే 144 దగ్గర 6.9. ఫుల్ హెచ్‌డీ 144 హెర్ట్జ్ మానిటర్ 5కే ముందు వెలవెలబోతుంది, గురి చూసి కొట్టే గేమ్‌లో మాత్రం గెలుస్తుంది.

ఆల్-ఇన్-వన్‌కీ దాని చోటు దానికుంది. పగలంతా ఎడిటింగో డిజైనో చేసి, రాత్రి సివిలైజేషన్ లాంటి ఎత్తుల గేమ్ ఆడేవాడికి ఫ్రేములు ముప్ఫైకి పడినా నష్టం లేదు. ఎత్తు ఆలోచించడానికే అరగంట పడుతుంది. కరెంటు పోతే సన్నటి ఐమ్యాక్‌ని మామూలు 600 వీఏ యూపీఎస్ నిలబెడుతుంది, గేమ్ నడుస్తున్నప్పుడు 4090 కార్డున్న టవర్‌ని అది క్షణం కూడా మోయలేదు. టేబుల్ మీద ఒకటే తీగ. అలాంటివాడు తనకి కావలసిన పని కోసం కొనుక్కుని, గేముల్ని కొసరుగా తీసుకుంటే ఏ పేచీ లేదు. గేముల కోసమే కొనేవాడైతే అదే డబ్బుని టవర్‌కీ మానిటర్‌కీ విడగొట్టుకోవాలి.

ఇంట్లో ముసలి 5కే ఐమ్యాక్ ఉంటే పారేయకండి. దాని తెరని ఊడదీసి, లోపలి బోర్డులన్నీ తీసేసి, డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న కంట్రోలర్ బోర్డు బిగిస్తే మంచి మానిటర్ అవుతుంది. ఆ బోర్డులు విడిగా అమ్ముతున్నారు. 1.4 దారి వెడల్పు దాదాపు 26 గిగాబిట్లు, కాబట్టి 21.2 సులువుగా పడుతుంది. టవర్‌కి తగిలిస్తే ఆ కోటీ 47 లక్షల చుక్కలకీ తగిన కార్డు ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోవచ్చు. రిఫ్రెష్ రేటు మాత్రం ఎంత కార్డు పెట్టినా 60 దాటదు.